గాలివానకు ముందటి గడియలు

వేసవి కడముట్టుచున్న దినములలో కృష్ణా గోదావరుల మైదానమున మధ్యాహ్నవేళ ఒక వింత నిశ్శబ్దము నెలకొనును. కాలువగట్టు మీది తాటిమట్టలు సైతము చప్పుడు చేయవు. ఒంటి చెమట ఆరదు. మేతకు విడిచిన పశువులు మేత మాని నీడను వెదకికొనును. అరుగుమీద కూర్చున్న వృద్ధులు చేతిలోని విసనకర్రను క్షణకాలమాపి, పడమటి దిక్కునకు చూచి, "ఇవాళ ఏదో పట్టేట్టే ఉంది" అని తమలో తామనుకొందురు. మే నెల 25వ తేదీ ప్రాంతమున ప్రవేశించు రోహిణి కార్తెలో రోళ్ళు పగులునను మాట అందరెరిగినదే. కాని ఆ రోళ్ళు పగిలించు ఎండయే సాయంకాలమునకు ఉరుములను, ఈదురుగాలులను, ఒక్కొక్కప్పుడు వడగండ్లను ప్రసవించునను సంగతిని మనము ఏటేట చూచుచును ఏటేట మరచుచుందుము. జూన్ 7, 8 తేదీలలో మృగశిర ప్రవేశించి, నైరుతి ఋతుపవనము నేలను చల్లబరచువరకు గల ఈ సంధికాలము మైదానవాసి యెక్కువ మెలకువతో మెలగవలసిన కాలము.

ఈ అధ్యాయమున నేను చెప్పదలచినది ఒక్కటే విషయము. వచ్చునో రాదో తెలియని ఆపద కొరకు, తప్పక చేయగల పనిని ముందుగా చేసియుంచుట ఒక అభ్యాసము; అది పుట్టుకతో వచ్చు గుణము గాదు కనుక ఎవరైనను నేర్చుకొనవచ్చును. రోగము, అప్పు, పంటనష్టము, ఉద్యోగభంగము మున్నగు కష్టములన్నియు ఈ గాలివాన వలెనే ముందుగా కొంత జాడ చూపి, నిశ్చయముగా మాట ఇయ్యక, మన వివేకమును పరీక్షించును. అయితే వానిలో మనము చేసినది మంచియో చెడుయో తేలుటకు ఏండ్లు పట్టును. గాలివాన ఫలితము ఆ రాత్రికే తేలిపోవును. అందుచేత ముందుచూపును నేర్చుకొనగోరువానికి ఇంతకంటె సులభమైన పాఠశాల లేదు.

మేఘము పుట్టు విధము

దేనికి సిద్ధపడుచున్నామో తెలియక చేయు సన్నాహము భయమునకు దగ్గర, బుద్ధికి దూరము. కనుక మొదట ఈ గాలివాన పుట్టుకను తెలిసికొందము. పగటి ఎండకు నేల కాగినప్పుడు దాని నంటియున్న గాలి వేడెక్కి, తేలికయై పైకి లేచును. అదే సమయమున బంగాళాఖాతము నుండి దక్షిణ, ఆగ్నేయ గాలులు తేమను మోసికొని లోనికి వచ్చును. వాయవ్యము నుండి పొడిగాలి వీచును. ఈ రెండు గాలులు కలియు తావు, విదర్భ నుండి తెలంగాణ, రాయలసీమల మీదుగా తమిళనాడు వైపునకు ఒక చాలువలె సాగియుండుట వేసవిలో తరచుగా కననగును. వార్తాపత్రికలలో "ద్రోణి ప్రభావం" అని మనము చదువునది దీనినే. పైకెగసిన తేమ చల్లబడి నీటిబిందువులగునప్పుడు, దానిలో దాగియున్న వేడి వెలువడి గాలిని మరింత పైకి తోయును. ఆ తోపుడుకు మేఘము 12, 15 కిలోమీటర్ల ఎత్తునకు పెరిగి, ఇక పెరుగుటకు వీలులేక, శిరస్సున కమ్మరి దాగలివలె చదునుగా విప్పారును. శాస్త్రజ్ఞులు దీనిని క్యుములోనింబస్ మేఘమందురు. దాని గర్భమున మంచుపలుకులు ఒకదానితో నొకటి ఒరసికొనుటవలన విద్యుత్తు పోగగును. కురియు వానతోడను కరగు మంచుతోడను చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కుమ్మడిగా క్రిందికి దూకి, నేలను తాకి, నలుదెసలకు చిమ్మును. వానచినుకు పడకమునుపే దుమ్ము రేపుకొనుచు వచ్చి మన కిటికీ తలుపులను కొట్టునది ఆ చల్లని గాలియే.

ఇట్టి మేఘము విడిగా నున్నప్పుడు కొద్ది కిలోమీటర్ల మేరనే ఆవరించి, ఇంచుమించు ఒక గంటసేపు బ్రతికి, అణగిపోవును. కాలువకు ఆవలి గ్రామమున చెట్లు కూలగా, ఈవలి గ్రామమున దుమ్మయినను అణగకపోవుటకు కారణమిదే. ఈ సంగతి మనసునకు పట్టినచో, వాతావరణ సూచనలమీద మనకు గల కోపములో సగము తీరిపోవును.

సూచనను చదువు విధము

ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితయందు వాన జాడలను రెండు తీరులుగా విచారించెను. మేఘము గర్భము ధరించిన 195 దినములకు వర్షము ప్రసవమగునను దూరపు లెక్క యొకటి. చీమలు అకారణముగా గుడ్లను మోసికొని పోవుట వంటి గుర్తులవలన ఇప్పుడే కురియబోవు వానను పసికట్టు సద్యోవర్షణ విచారము రెండవది. నాటి లెక్కలు నేటి శాస్త్రమునకు నిలువకపోవచ్చును గాని, దూరపు చూపును దగ్గరి చూపును వేరుపరచవలెనను వివేకము మాత్రము నిలిచియే యున్నది. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖ నేడు జిల్లాలవారీగా రాబోవు కొన్ని దినములకు హెచ్చరికల నిచ్చుచు, విశాఖపట్నము, మచిలీపట్నము, హైదరాబాదు మున్నగు చోట్ల నెలకొల్పిన డాప్లర్ రాడార్లు చూపు మేఘములనుబట్టి, రాగల మూడు గంటలకు తక్షణ సూచనను వేరుగా వెలువరించుచున్నది. మొదటిదానిని చదివి వారపు పనులను దిద్దుకొనవలెను. రెండవదానిని చదివి వెంటనే లేవవలెను. రాబోవు దినముల సూచనను చూచి నేడే భయపడువాడును, మూడు గంటల సూచనను చూచి రేపు ఆలోచించువాడును సమానముగా పొరపడుచున్నారు.

సూచనలోని మాటలకు కొలతలున్నవి. "ఒకటి రెండు చోట్ల" అనగా ఆ ప్రాంతపు వర్షమాపక కేంద్రములలో నాలుగవ వంతునకు మించని చోట్ల అని అర్థము. "కొన్ని చోట్ల" అనగా నాలుగవ వంతు మొదలు సగము వరకు. "చాలా చోట్ల" అనగా సగము మొదలు ముప్పాతిక వరకు. "ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన వర్షము" అని విని, తన పెరడు తడియలేదు గనుక సూచన తప్పినదనువాడు ఆ మాటను వినలేదన్నమాట. రంగుల భాషయు నిట్టిదే. ఆకుపచ్చ హెచ్చరిక లేదనును, పసుపు గమనించుచుండుమనును, నారింజ సిద్ధపడుమనును, ఎరుపు కార్యమునకు దిగుమనును. ఈ నాలుగింటిలో ఏ రంగును మన ఊరిలో వాన పడితీరునని ప్రమాణము చేయదు. నేడు మనము ఏ పని చేయవలెనో మాత్రమే అది చెప్పును. ఆకాశము సంగతి అడిగి, తన కర్తవ్యమును ప్రత్యుత్తరముగా గ్రహించువాడే సూచనను సరిగా చదివినవాడు.

రెండు నష్టముల తూకము

మా మేనమామ డెల్టాలో కాలువ చివరి భూములు సాగుచేయు రైతు. పైభూములు తడిసినగాని ఆయన పొలమునకు నీరందదు కనుక, ఆయన దాళ్వా వరి అందరికంటె ఆలస్యముగా కోతకు వచ్చెడిది. నేను చదువుకొను దినములలో ఒక వేసవి సెలవులకు అక్కడకు పోయినప్పుడు ధాన్యము ఇంకను కల్లమున ఎండుచుండెను. ప్రతిదినము నాలుగు గంటల వేళ ఆయన ఎండబోసిన గింజను చెక్కపలకతో దగ్గరకు లాగి, కోపుగా రాశి పోసి, చుట్టును జానెడు లోతున గాడి తీసి, రాశిమీద బరకము పరచి, అంచులమీద ఇసుక బస్తాలను పెట్టి, పైనుండి అడ్డముగను నిలువుగను తాడు బిగించెడివాడు. ఉదయము తిరిగి అంతయు విప్పి, రాత్రి ఉమ్మగిలి వెచ్చబడిన గింజను కాలితో విరజిమ్మి ఆరబెట్టెడివాడు. ఇట్లు పదునాలుగు దినములు గడచినవి. ఆయన ఊరిలో చినుకు పడలేదు. మూడవనాటి సాయంకాలము కాలువకు ఆవలి ఊరిలో మాత్రము గాలివాన కురిసి, కప్పని రాశులు తడిసి, నాలుగు దినములకు తెల్లని మొలకలు గింజలనుండి తొంగిచూచినవి.

పదవ దినమున కాబోలు, తాడు అందించుచు నేనడిగితిని: "మావయ్యా, రాని వాన కోసం రోజూ ఈ చాకిరీ ఎందుకు?" ఆయన ముడి బిగించుచునే, "వాన రాకపోతే నాకు నడుం నొప్పి మిగులుద్దిరా అబ్బాయ్, తెల్లారేసరికి అదే తగ్గుద్ది. వస్తే గింజ మొలకెత్తుద్ది. మొలకెత్తిన గింజని మళ్ళీ గింజ చేసేవాడు ఇంకా పుట్టలేదు" అనెను.

ఆ యేడు ఆయన శ్రమ యంతయు, లోకులు లెక్కించు రీతిని చూచినచో, వ్యర్థమే. ఆయన మాత్రము దానిని వ్యర్థమని యెన్నడును అనలేదు. కొనుగోలు కేంద్రమున వరిధాన్యపు తేమ 17 శాతమునకు మించరాదను నియమము కలదు. ఒక్క సాయంకాలపు వాన ఆరునెలల కష్టమును ఆ గీటునకు ఆవలకు నెట్టగలదు. ఆయన తూచినది వాన వచ్చు అవకాశమును గాదు. రెండు నష్టములను తూచెను. ఒకటి తెల్లవారునప్పటికి తీరునది, మరియొకటి ఎన్నటికిని తీరనిది.

పాఠకుడా, నీవును ఏ హెచ్చరిక విన్నను ఒక కాగితమున రెండు వాక్యములు వ్రాసికొనుము. సిద్ధపడి ఆపద రానిచో నాకు పోవునదేమి? సిద్ధపడక ఆపద వచ్చినచో నాకు పోవునదేమి? మొదటి నష్టము తిరిగి వచ్చునదియు, రెండవది తిరిగి రానిదియు నైనచో, ఆకాశమున మేఘమున్నను లేకున్నను లేచి పని చేయుము. ఈ తూకమునకు మితముగూడ అవసరమే. ముహూర్తము నిశ్చయమైన పెండ్లిని పసుపు రంగు హెచ్చరికకు వాయిదా వేయనక్కరలేదు. కాని విందును షామియానా క్రింద గాక కల్యాణమండపములోనో, పాఠశాల వసారాలోనో పెట్టించుట, భోజనములు చీకటి పడకమునుపే ముగించుట, షామియానా ఇనుప గుంజలకు పిల్లలను దూరముగా నుంచుట పెండ్లిపెద్దకు భారము గాదు. సన్నాహపు ఖర్చు ఆపద నష్టమునకు తగినట్లుండవలెను. అంతకు మించినది పిరికితనము, అంతకు తగ్గినది నిర్లక్ష్యము.

మూడు వేళల సన్నాహము

ఈ కాలపు గాలివానలు పెక్కుసార్లు సాయంకాలము మూడు, నాలుగు గంటల తరువాతనే విరుచుకొనిపడును, ఏలననగా పగటి వేడి అప్పటికి పరాకాష్ఠ నందియుండును. కనుక దినమును మూడు వేళలుగా విభజించుకొనుట మేలు. ఉదయము సూచన చదువు వేళ. ఆ దినపు రంగును ఇంటిలో అందరికి వినిపించి, దూరపు పొలములో పనియున్నచో తెల్లవారగనే మొదలుపెట్టి, మధ్యాహ్నము రెండు గంటలలోపల ముగియునట్లు కుదుర్చుకొనవలెను. నూజివీడు మామిడి తోట యజమాని పక్వమునకు వచ్చిన కాయను ఆనాటి గాలికి విడువక కోయించుకొనవలెను. అరటి తోట యజమాని గెలవేసిన చెట్లకు వెదురు గడలు పోటు పెట్టించవలెను. పట్టణవాసి మేడమీది రేకులను, పూలకుండీలను, నీళ్ళ ట్యాంకు మూతను ఒకమారు కదిపి చూచుకొనవలెను.

మధ్యాహ్నము ఆకాశమును చూచు వేళ. పడమటను వాయవ్యమునను తెల్లని మేఘములు కోటబురుజులవలె నిలువుగా పెరుగుచున్నవా, వాని అడుగుభాగము నల్లబడుచున్నదా, గాలి స్తంభించి ఉక్కపోత హెచ్చుచున్నదా అని గమనింపవలెను. మూడవది సాయంకాలము, చేతులు కదపు వేళ. పశువులను చెట్టు క్రింద కట్టక పాకలోనికి తోలవలెను. టీవీ, ఫ్రిజ్‌ల ప్లగ్గులను ఉరుము వినబడకమునుపే తీయవలెను. ఫోనును ముందుగనే ఛార్జి చేసి, తీగనుండి విడదీసి ఉంచవలెను. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన "దామిని" యాప్ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పడు పిడుగుల సమాచారమును తెలుపును. అది ఇంటికొక ఫోనులోనైన నుండుట మంచిది.

తొలి ఉరుము తరువాత

2018 ఏప్రిల్ 24వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదయినవి. మన దేశమున ఏటేట 2,000 మందికి పైగా పిడుగుపాటుకు ప్రాణములు కోల్పోవుచున్నారు. వారిలో పెక్కుమంది పొలములలో పనిచేయువారు, పశువులను గొర్రెలను కాయువారు. ఒక్క మెరుపు తన దారిలోని గాలిని 30,000 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కించును. ఆ గాలి ఒక్కసారిగా వ్యాకోచించుటవలన కలుగు ధ్వనియే ఉరుము. వెలుగు తక్షణమే కన్నుల కందును. ధ్వని కిలోమీటరు దూరమునకు మూడు సెకనులు తీసికొనును. కనుక మెరుపు కనబడినది మొదలు ఉరుము వినబడువరకు సెకనులు లెక్కించి, మూడుచేత భాగించినచో మేఘము ఎన్ని కిలోమీటర్ల దూరమున నున్నదో తెలియును. అరుగుమీద పిల్లవానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని ఈ లెక్కను ఒకమారు చేయించినచో వాడు జన్మలో మరువడు. సెకనుల లెక్క 30 లోపల తేలెనా, పిడుగు మనలను చేరగల దూరముననే యున్నది. వెంటనే పిల్లవానిని ఎత్తుకొని లోనికి పోవలెను. చివరి ఉరుము వినబడిన తరువాత 30 నిమిషములు గడచినగాని బయటకు రారాదు. ఏలననగా వాన వెలిసినదని బయలుదేరిన వేళనే పలువురు ప్రమాదమున చిక్కుచున్నారు.

పక్కా కప్పుగల ఇల్లు, తలుపులు మూసిన కారు రక్షణనిచ్చును. చెట్టునీడ, తాటాకు పాక, ఆటో, ద్విచక్రవాహనము రక్షణ నీయవు. పిడుగు చెట్టుమీద పడినప్పుడు విద్యుత్తు నేలలోనికి పాకి చుట్టును వ్యాపించును. నేలమీద దూరదూరముగా కాళ్ళు మోపి నిలుచు పశువులు చెట్టుక్రింద గుంపులుగా మరణించుటకు ఇదియొక కారణము. బయలు పొలమున చిక్కి, పోవుటకు చోటేమియు లేనివాడు పాదములు రెండును చేర్చి గొంతుకూర్చుండి, తల వంచుకొనవలెనే గాని నేలమీద పండుకొనరాదు. గుంపుగా నున్నవారు ఎడమెడముగా చెదరవలెను. ఇంటిలో నున్నవారు కిటికీ ఊచలను, కుళాయిని, మోటారు స్టార్టరును ముట్టరాదు. రబ్బరు చెప్పులు కాపాడునను మాట నమ్మదగినది గాదు. ఉరిమినప్పుడు అర్జునుని నామములు పలుకుమని మన పెద్దలు నేర్పిరి. ఆ నామములను పలుకుడు, ఇంటి లోపల కూర్చుండి పలుకుడు.

పిడుగు తాకినవానిని ముట్టినచో మనకును విద్యుత్తు సోకునని భయపడి దూరముగా నిలుచువారు కలరు. అది పొరపాటు. వాని శరీరమున విద్యుత్తు నిలిచియుండదు. శ్వాస, నాడి ఆగియున్నచో వెంటనే రొమ్ముమీద రెండు చేతులతో గట్టిగా, వేగముగా నొక్కుచు, వేరొకరిచేత 108కు ఫోను చేయించవలెను. ఆ కొద్ది నిమిషములలో అందిన సాయమే పలువురిని బ్రతికించును. తెగిపడిన కరెంటు తీగ సంగతి దీనికి పూర్తిగా వేరు. దానిని తాకరాదు, దాని దరికి పోరాదు; విద్యుత్ శాఖవారికి తెలిపి, దారిన పోవువారిని ఆపవలెను.

ఒక నోటి మాట

ఇంతవరకు చెప్పినది ఎవరికి వారు చేయదగినది. చివరి మాట, ఇతరులచేత పని చేయించు స్థానమున నున్నవారికి. మిరపతోటలో కాయ కోయు కూలీ, ఇటుకబట్టీలో పనిచేయు వలసకూలీ, అద్దెకు మంద కాయు గొర్రెలకాపరి తొలి ఉరుము విన్నప్పుడు తమంతట తాము పని విడిచి పోజాలరు. పోయినచో ఆనాటి కూలి పోవునని వారికి శంక. ఆ శంకను తీర్చగలవాడు యజమాని యొక్కడే. "సగము దినమున పని ఆగినను కూలి తగ్గింపను" అని ఉదయమే చెప్పిన యజమాని, ఏ యాప్‌కును ఏ సైరనుకును సాధ్యముగాని రక్షణను వారికి కల్పించినవాడగును. ఒక పూట కూలి తిరిగి సంపాదించుకొనదగిన ధనము. మా మేనమామ తూకమున అది తెల్లవారునప్పటికి తగ్గిపోవు నడుము నొప్పి. కూలి మనిషి ప్రాణము మొలకెత్తిన గింజవంటిది, మరల తేలేము.

ఈ వారము మొదలుకొని మృగశిర వానలు నిలకడగా పట్టువరకు ప్రతి ఉదయము సూచన చదువుడు. చదివినది ఫోను లేని ఒక్క ఇరుగువారికైనను చెప్పుడు. మధ్యాహ్నము పడమటి ఆకాశమును చూడుడు. సాయంకాలము చేయవలసినది చేసి, వాన రాకపోయినను విసుగుకొనక మరునాడు తిరిగి చేయుడు. మీ మాటమీద పనిచేయువారు మీ పొలమున నున్నచో, తొలి ఉరుము వినబడినప్పుడు "పని ఆపి ఇంటికి పదండి" అను మాట అందరికంటె ముందుగా మీ నోటినుండియే రావలెను.